సైన్సు పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్ ఎలా వెతుక్కోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

థీసిస్ చివరి అధ్యాయం రాస్తున్న జూనియర్లు నన్ను అడిగే ప్రశ్నలు ఏళ్లుగా దాదాపు ఇవే. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినవాటిని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నేను హైదరాబాద్‌లో బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి, జర్మనీలో రెండు ల్యాబుల్లో పోస్ట్‌డాక్‌గా పనిచేశాను. అందుకే జీవశాస్త్రం ఉదాహరణలు ఎక్కువ పడ్డాయి. ఫిజిక్స్, మ్యాథ్స్ వాళ్లకు పద్ధతి ఎక్కడ మారుతుందో అక్కడక్కడ చెప్పాను.

పోస్ట్‌డాక్ అంటే చదువా, ఉద్యోగమా?

ఉద్యోగమే, కాకపోతే గడువున్న ఉద్యోగం. పీహెచ్‌డీ అయ్యాక ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లోనో, సొంత ఫెలోషిప్ మీదనో రెండు మూడేళ్లు చేసే పరిశోధన. ఇంట్లోవాళ్లు "ఇంకా చదువు అవ్వలేదా" అని అడిగితే జీతం వస్తుందని, కాంట్రాక్టు ఉంటుందని చెప్పండి. అది నిజం కూడా.

వెతికేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఒకే ఉద్యోగానికి చోటును బట్టి పేరు మారుతుంది. మన సీఎస్‌ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ) ల్యాబుల్లో రీసెర్చ్ అసోసియేట్ అంటారు. హైదరాబాద్ గోపన్‌పల్లిలో ఉన్న టీఐఎఫ్‌ఆర్‌లో విజిటింగ్ ఫెలో అంటారు. అమెరికాలో పోస్ట్‌డాక్టోరల్ స్కాలర్, ఫెలో, అసోసియేట్ అన్నీ వాడతారు. జర్మనీలో కాంట్రాక్టు మీద వట్టి "శాస్త్రీయ ఉద్యోగి" అని అర్థం వచ్చే జర్మన్ మాట ఉంటుంది. ఒక్క "పోస్ట్‌డాక్" అనే మాటతోనే వెతికితే సగం ప్రకటనలు మీ కంటపడవు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

థీసిస్ సబ్మిట్ చేయడానికి ఏడాది ముందు. వినడానికి తొందరపాటులా ఉంటుంది కానీ లెక్క వేసి చూడండి. మంచి ఉత్తరం రాయడానికి, జవాబు రావడానికి రెండు నెలలు. ఇంటర్వ్యూలకు, ఆఫర్ కాగితాలకు ఇంకో రెండు. వీసాకు మరో రెండు మూడు. ఫెలోషిప్ దారిలో వెళ్తే ఇంకా ఎక్కువ. యూరప్‌లోని మేరీ క్యూరీ ఫెలోషిప్ గడువు మామూలుగా సెప్టెంబర్‌లో ఉంటుంది, ఫలితం మరుసటి ఏడాది ఫిబ్రవరి ప్రాంతంలో వస్తుంది, చేరేది ఆ తర్వాతే.

ఖగోళ శాస్త్రం, థియరీ ఫిజిక్స్, మ్యాథ్స్ వాళ్లకు ఒక సీజన్ ఉంటుంది. ప్రకటనలు ఎక్కువగా సెప్టెంబర్ నుంచి డిసెంబర్ లోపే వస్తాయి, చేరేది మరుసటి సెప్టెంబర్. ఆ సీజన్ తప్పితే ఏడాది పోయినట్టే. బయాలజీ, కెమిస్ట్రీలో సీజన్ అంటూ లేదు. ప్రొఫెసర్‌కు గ్రాంట్, అంటే పరిశోధనకు ఇచ్చే నిధులు, వచ్చిన నెలే నియామకం.

వైవా ఇంకా కాలేదు. అప్లై చేయొచ్చా?

చేయొచ్చు, చేయాలి కూడా. మన యూనివర్సిటీల్లో థీసిస్ ఇచ్చాక ఎగ్జామినర్ల రిపోర్టులు రావడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుందని బయటి ప్రొఫెసర్లకు తెలియదు. మీరే చెప్పాలి: ఏ తేదీన సబ్మిట్ చేశారు, వైవా ఏ నెలలో అనుకుంటున్నారు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఎప్పుడు చేతికొస్తుంది. సబ్మిట్ చేసినట్టు యూనివర్సిటీ నుంచి ఒక సర్టిఫికెట్ తీసుకుని పెట్టుకోండి. కొన్నిచోట్ల దాంతో చేర్చుకుంటారు. కొన్ని ఫెలోషిప్పులకు మాత్రం గడువు తేదీనాటికి పట్టా వచ్చి ఉండాల్సిందే. ఆ ఒక్క వాక్యం కోసం నియమాలు పూర్తిగా చదవండి.

ప్రకటనలు ఎక్కడ చూడాలి?

యూరప్‌కు యూరాక్సెస్. బ్రిటన్‌కు జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకే. జపాన్‌కు జేరెక్-ఇన్. ఖగోళ శాస్త్రానికి అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ జాబ్ రిజిస్టర్, హై ఎనర్జీ ఫిజిక్స్‌కు ఇన్‌స్పైర్, మ్యాథ్స్‌కు మ్యాథ్‌జాబ్స్, ఎకాలజీ, పరిణామ శాస్త్రం వాళ్లకు ఎవోల్‌డిర్. నేచర్, సైన్స్ పత్రికల కెరీర్ పేజీలు అందరికీ పనికొస్తాయి. మన దేశంలో అయితే ఆయా సంస్థల సొంత వెబ్‌సైట్లే. ప్రాజెక్టు పోస్టులకు వాకిన్ ఇంటర్వ్యూ అని పది, పదిహేను రోజుల ముందు నోటీసు పెడతారు, వారానికోసారి చూడకపోతే తెలియదు.

కానీ పోస్ట్‌డాక్ దొరకడమంటే ప్రకటన దొరకడం కాదు, మీ పని అవసరమైన మనిషి దొరకడం. ముఖ్యంగా ప్రయోగాలు చేసే శాస్త్రాల్లో చాలా చోట్లు ప్రకటన దాకా రావు. ప్రొఫెసర్ చేతికి గ్రాంట్ వస్తుంది, ఎవరైనా మంచివాళ్లున్నారా అని నలుగురిని అడుగుతారు, అదే వారం మీ ఉత్తరం వస్తే మీరే ఆ మనిషి.

ఎవరి దగ్గర డబ్బుందో మనకెలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు, అందరూ అడగాల్సింది ఇదే. గ్రాంట్ల వివరాలు బహిరంగంగానే ఉంటాయి. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్. దాని రిపోర్టర్ అనే సైట్‌లో ప్రొఫెసర్ పేరు కొడితే ఏ ప్రాజెక్టు, ఎంత సొమ్ము, ఏ తేదీ దాకా అన్నీ కనిపిస్తాయి. మిగతా సైన్సులకు నిధులిచ్చే ఎన్‌ఎస్‌ఎఫ్‌కు అవార్డ్ సెర్చ్ ఉంది. జర్మనీకి జెప్రిస్, బ్రిటన్‌కు గేట్‌వే టు రీసెర్చ్. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ తన స్టార్టింగ్ గ్రాంట్లు ఎవరికి వచ్చాయో పేర్లతో జాబితా విడుదల చేస్తుంది. ఒక్కో గ్రాంట్ అయిదేళ్లకు 15 లక్షల యూరోల దాకా ఉంటుంది. ఆ జాబితాలో ఉన్నవాళ్లు కొత్తగా ల్యాబ్ పెడుతున్న యువ ప్రొఫెసర్లు. వాళ్లకు మనుషులు కావాలి, వెంటనే కావాలి. ఆ జాబితా వచ్చిన వారంలో కూర్చుని మీ రంగం వాళ్లను ఏరుకోండి.

2025లో అమెరికాలో ఎన్‌ఐహెచ్, ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాంట్లు వేల సంఖ్యలో మధ్యలోనే రద్దయ్యాయి. అందుకని జాబితాలో పేరు ఉన్నా, ఆ గ్రాంట్ నడుస్తోందా అని ఇంటర్వ్యూలో నేరుగా అడగండి. తప్పుగా అనుకోరు.

తెలియని ప్రొఫెసర్‌కు ఈమెయిల్ ఎలా రాయాలి?

ముందు ఎలా రాయకూడదో చెప్తాను, ఎందుకంటే నేనే రాశాను. "రెస్పెక్టెడ్ సర్, గ్రీటింగ్స్ ఆఫ్ ద డే" అని మొదలుపెట్టి, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో, మీ విలువైన మార్గదర్శకత్వంలో అంటూ ఒకే ఉత్తరం డెబ్బై మందికి పంపాను. ఇద్దరు మర్యాదగా లేదన్నారు, మిగతావాళ్లు పలకలేదు. ఆ తర్వాత తొమ్మిది మందిని ఎంచుకుని, ఒక్కొక్కరి పేపర్లు రెండేసి రోజులు చదివి, తొమ్మిది వేర్వేరు ఉత్తరాలు రాశాను. నలుగురు జవాబిచ్చారు. ఇద్దరు ఇంటర్వ్యూకు పిలిచారు. ఉద్యోగం అందులో వచ్చింది.

ఉత్తరం ఫోన్ తెరలో ఒకటిన్నర తెరలకు మించకూడదు. పేరుతో పలకరించాలి, ఆవిడ అయితే "సర్" అని రాయడం కంటే పెద్ద తప్పు లేదు, అయినా మనవాళ్లు రాస్తూనే ఉంటారు. మొదటి రెండు వాక్యాల్లో మీరెవరు, ఎప్పుడు ఖాళీ అవుతారు. తర్వాత అసలు విషయం: వాళ్ల పనిలో మీకు నచ్చిన ఒక ఫలితం, దానికీ మీ పనికీ ఉన్న లంకె.

ఉదాహరణకు, "మీ ల్యాబ్ ఫలానా ప్రొటీన్‌ను పూర్తిగా తీసేసినా కణం బతికిందని చూపించింది. నా థీసిస్‌లో ఈస్ట్ మీద పనిచేస్తుంటే దాని జ్ఞాతి ప్రొటీన్ ఒత్తిడి సమయంలో నాలుగింతలు పెరగడం గమనించాను. మొదటిది లేనప్పుడు రెండోది దాని పని అందుకుంటోందా అన్నది తేల్చాలని ఉంది. దానికి కావాల్సిన ప్రయోగాలు ఫలానావి, వాటిలో రెండు నేను రోజూ చేస్తున్నవే." ఇలా రాసినప్పుడు అవతలి మనిషికి మీరు ఆలోచిస్తారని తెలుస్తుంది. మీ ఊహ తప్పయినా ఫర్వాలేదు. నాకు ఉద్యోగమిచ్చిన ఆయన, నా ఉత్తరంలోని ఊహ ఎందుకు కుదరదో నాలుగు లైన్లలో వివరించి, చివర "వచ్చే వారం మాట్లాడదామా" అని రాశారు.

చివర సీవీ జత చేశానని, ఫెలోషిప్‌కు కలిసి అప్లై చేయడానికి కూడా సిద్ధమని ఒక వాక్యం. మంగళవారమో బుధవారమో వాళ్ల ఉదయం సమయానికి పంపండి. పది, పన్నెండు రోజులు చూసి, అదే ఈమెయిల్ కింద రెండు లైన్లలో ఒకసారి గుర్తుచేయండి. ఆ తర్వాత వదిలేయండి. జవాబు రాకపోతే మీరు పనికిరారని కాదు, చాలాసార్లు డబ్బు లేదని అర్థం.

సీవీలో ఏం ఉండాలి, ఏం తీసేయాలి?

తండ్రి పేరు, పెళ్లి అయిందా లేదా, మతం, పదో తరగతి మార్కులు, చివర్లో "ఐ హియర్‌బై డిక్లేర్" తీసేయండి. పేపర్లు పైకి తీసుకురండి. ఇంకా పత్రికలో రానిదుంటే బయోఆర్కైవ్‌లోనో ఆర్కైవ్‌లోనో ప్రీప్రింట్ (పత్రికలో రాకముందే అందరూ చదివేలా పెట్టే ప్రతి) పెట్టి దాని లింకు ఇవ్వండి. "రాస్తున్నాం" అని అయిదు పేపర్లు వేయడం కంటే చదవడానికి దొరికే ఒక్క ప్రీప్రింట్ మేలు. టెక్నిక్‌ల జాబితాలో మీరు ఒంటరిగా చేయగలిగినవే ఉంచండి, ఇంటర్వ్యూలో దాని మీదే అడుగుతారు.

మా గైడ్‌తో సంబంధం సరిగ్గా లేదు. రెకమెండేషన్ లెటర్ సంగతి ఏంటి?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు చాలామంది గొంతు తగ్గించి మాట్లాడతారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, చాలామందికి ఉన్న సమస్యే. గైడ్ లెటర్ లేకపోతే అవతలివాళ్లు గమనిస్తారు, అది నిజం. అలాగని దారి మూసుకుపోలేదు. మీ డాక్టోరల్ కమిటీ సభ్యులు, మీతో పేపర్ రాసిన వేరే ల్యాబ్ ప్రొఫెసర్, మీ పరికరాలు వాడుకోనిచ్చిన శాస్త్రవేత్త, వీళ్లలో ముగ్గురిని థీసిస్ మధ్యలోనే దగ్గర చేసుకోండి. ఇంటర్వ్యూలో అడిగితే, "ప్రాజెక్టు ఏ దిశలో వెళ్లాలన్న దాని మీద మా ఇద్దరికీ అభిప్రాయభేదం వచ్చింది, నా పని గురించి ఫలానా వారికి బాగా తెలుసు" అని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకోండి. గైడ్‌ను తిట్టడం మొదలుపెడితే, రేపు నన్ను కూడా ఇలాగే అంటారేమో అనుకుంటారు.

రెండో రకం సమస్య కూడా ఉంది. గైడ్ మంచివారే, కానీ "నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతా" అంటారు. ఇది మన దగ్గర మామూలైపోయింది. దయచేసి ఒప్పుకోవద్దు. తప్పన్న మాట అటుంచి, మీ గురించి మీరు రాసుకున్న లెటర్ చప్పగా ఉంటుంది, చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. దానికి బదులు ఒక పేజీ కాగితం ఇవ్వండి: మీరు ల్యాబ్‌లో మొదలుపెట్టిన కొత్త పద్ధతి, ఎటూ తేలని ప్రయోగం ఎలా తేల్చారు, ఏ జూనియర్‌కు ఏం నేర్పారు. ఆ సంఘటనలు చూస్తే గైడ్‌కు కూడా రాయడం తేలికవుతుంది. లెటర్ సంస్థ ఈమెయిల్ నుంచే వెళ్లేలా చూడండి. జీమెయిల్ నుంచి వచ్చిన లెటర్లను కొన్ని పోర్టళ్లు తీసుకోవు.

నాది స్టేట్ యూనివర్సిటీ పీహెచ్‌డీ. ఐఐటీ, ఐఐఎస్‌సీ వాళ్లతో పోటీ పడగలనా?

పడగలరు. ఆంధ్ర, ఉస్మానియా, కాకతీయ, ఎస్వీ, నాగార్జున యూనివర్సిటీల నుంచి వెళ్లి మంచి ల్యాబుల్లో ఉన్నవాళ్లు నాకు తెలుసు. మనకు ఇక్కడ నిద్రపట్టనివ్వని ర్యాంకులు బయట చాలామంది ప్రొఫెసర్లకు తెలియనే తెలియవు. వాళ్లు చూసేది పేపర్, లెటర్, మాట్లాడినప్పుడు మీ ఆలోచన. నిజమైన లోటు మరోచోట ఉంటుంది: పరికరాలు లేక చేయలేకపోయిన ప్రయోగాలు, డబ్బు కడితే వేసే పత్రికల్లో పడిన పేపర్లు. రెండోది చాలా నష్టం చేస్తుంది. అలాంటి పేపర్లు ఆరు ఉండటం కంటే రంగంలోవాళ్లు చదివే పత్రికలో ఒకటి ఉండటం నయం.

లోటు పూడ్చుకోవడానికి ఒక మంచి దారి ఉంది. ఏడాది, రెండేళ్లు సీసీఎంబీ, ఐఐసీటీ, సీడీఎఫ్‌డీ, ఐసర్ తిరుపతి లాంటి పరిశోధన సంస్థలో రీసెర్చ్ అసోసియేట్‌గా చేయండి. కొత్త టెక్నిక్ వస్తుంది, కొత్త లెటర్ వస్తుంది. దాన్ని వెనకడుగు అనుకోకండి.

మన దేశంలో ఉండే అవకాశాలేంటి, జీతం ఎంత?

పెద్ద జాతీయ ఫెలోషిప్, పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్‌ది. ఇదివరకు ఎస్‌ఈఆర్‌బీ పేరుతో నడిచిన నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ ఇదే, వ్యవధి రెండేళ్లు. వయోపరిమితి ఉంది కాబట్టి పీహెచ్‌డీ ఆలస్యమైనవాళ్లు ముందు అది చూసుకోవాలి. మహిళలకు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. సీఎస్‌ఐఆర్, డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) రీసెర్చ్ అసోసియేట్‌షిప్‌లు వేరే. ఐఐఎస్‌సీలో సీవీ రామన్ పేరుతో పోస్ట్‌డాక్ ఉంది, ఐఐటీలు కూడా సొంతంగా పిలుస్తాయి. కెరీర్ మధ్యలో ఆగిన మహిళలకు డీఎస్‌టీ (కేంద్ర సైన్సు, టెక్నాలజీ విభాగం) వారి వైజ్ పథకాలు ఉన్నాయి.

కేంద్రం 2023లో సవరించిన లెక్క ప్రకారం రీసెర్చ్ అసోసియేట్‌కు మూడు మెట్లున్నాయి: నెలకు రూ. 58,000, రూ. 61,000, రూ. 67,000. దానిపైన ఇంటి అద్దె భత్యం. కానీ డబ్బు ఆలస్యంగా వచ్చే ప్రాజెక్టులు ఉన్నాయి. మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని చేరండి. చేరేముందు అక్కడి జేఆర్‌ఎఫ్‌లను (జూనియర్ రీసెర్చ్ ఫెలోలను) క్యాంటీన్‌లో టీకి పిలిచి, పోయిన ఏడాది స్టైపెండ్ ఎన్నిసార్లు ఆగిందో అడగండి.

విదేశీ ఫెలోషిప్పుల్లో ఏది ఎవరికి?

మేరీ క్యూరీ: వెళ్లే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. మనవాళ్లకు ఇది ఇబ్బంది కాదు. అప్లికేషన్ హోస్ట్‌తో కలిసి రాయాలి కాబట్టి మే నెలకే ప్రొఫెసర్ ఒప్పుకుని ఉండాలి.

హంబోల్ట్: జర్మనీకి. ఏడాది పొడవునా ఎప్పుడైనా పంపొచ్చు. పీహెచ్‌డీ అయిన తొలి నాలుగేళ్లలోపు వాళ్లకు పోస్ట్‌డాక్ విభాగం.

ఎంబో: జీవశాస్త్రాలకు. దేశం మారి వెళ్లాలి, పీహెచ్‌డీ అయి ఎక్కువ కాలం అయ్యుండకూడదు, రచయితల్లో మొదటి పేరు మీదిగా ఉన్న పేపర్ ఉండాలి. ఇండియా దాని అసోసియేట్ సభ్య దేశం.

జేఎస్‌పీఎస్: జపాన్‌కు. 12 నుంచి 24 నెలలు, పీహెచ్‌డీ అయిన ఆరేళ్లలోపు. అప్లై చేసేది మీరు కాదు, అక్కడి ప్రొఫెసర్. కాబట్టి ఆయనతో పరిచయమే అప్లికేషన్.

అమెరికా ఎన్‌ఐహెచ్ ఇచ్చే ఎఫ్32 ఫెలోషిప్ పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. కే99కు ఆ షరతు లేదు, అక్కడ పోస్ట్‌డాక్ చేస్తూ అప్లై చేయొచ్చు.

అమెరికా వీసా గురించి ఏం తెలుసుకోవాలి?

ఎక్కువమంది జే-1 అనే ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా మీద వెళ్తారు. రీసెర్చ్ స్కాలర్ విభాగంలో గరిష్ఠంగా అయిదేళ్లు. ఈ విభాగం ఒకసారి ముగిస్తే మళ్లీ అదే విభాగంలో రావడానికి 24 నెలలు ఆగాలి. పీహెచ్‌డీలో ఉండగా నాలుగు నెలల విజిట్‌కు పిలిస్తే ఇది గుర్తుంచుకోండి. ఆ విజిట్‌ను ఆరు నెలల లోపు షార్ట్-టర్మ్ స్కాలర్ విభాగంలో ఇవ్వమని అడగండి, అప్పుడు ఆ 24 నెలల అడ్డు రాదు.

జే-1 ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు ఇంకోటి. 2024 డిసెంబర్‌లో ఇండియాను నైపుణ్యాల జాబితా (ఆ షరతు వర్తించే దేశాల, రంగాల జాబితా) నుంచి తీసేశారు, దాంతో చాలామందికి ఆ భారం తప్పింది. కానీ ఫుల్‌బ్రైట్ లాంటి ప్రభుత్వ సొమ్ముతో వెళ్లేవాళ్లకు షరతు అలాగే ఉంది.

హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా యూనివర్సిటీలకు లాటరీ లేకుండా దొరుకుతుంది. కానీ 2025 సెప్టెంబర్ 21 నుంచి దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టాక యూనివర్సిటీలు వెనకాడుతున్నాయి. ఆఫర్ వచ్చాక ఏ వీసా అన్నది ఆ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుతోనే రాతపూర్వకంగా తేల్చుకోండి, సీనియర్ల మాట మీద కాదు.

ల్యాబ్ మంచిదో కాదో చేరకముందే ఎలా తెలుస్తుంది?

నా మొదటి ల్యాబ్‌లో నేను చేసిన తప్పు ఇక్కడే. ఇంటర్వ్యూ బాగా జరిగిన సంతోషంలో కాంట్రాక్టు ఎన్నాళ్లని అడగలేదు. వెళ్లాక తెలిసింది, ఆరు నెలలకోసారి పొడిగిస్తారని. ప్రతి ఆరు నెలలకూ వీసా కాగితాలు, ఇంటి కాంట్రాక్టు, టెన్షన్. రెండో పొడిగింపు వచ్చింది గడువుకు పదకొండు రోజుల ముందు. ఆ ఏడాది నేను చేసిన సైన్సు కంటే నిద్రలేని రాత్రులే ఎక్కువ గుర్తున్నాయి.

అందుకే అడగండి. జీతం ఏ గ్రాంట్ నుంచి, అది ఏ తేదీకి అయిపోతుంది, మొదటి కాంట్రాక్టు ఎన్ని నెలలు. నేను వెళ్లేటప్పుడు ప్రాజెక్టులో కొంత భాగం నాతో తీసుకెళ్లొచ్చా. పేపర్‌లో మొదటి రచయిత ఎవరో ఎప్పుడు తేలుస్తారు. తర్వాత, గత అయిదేళ్లలో ఆ ల్యాబ్ వదిలిన ఇద్దరితో మాట్లాడండి. ఇప్పుడున్నవాళ్లు జాగ్రత్తగా మాట్లాడతారు, వెళ్లిపోయినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్తారు. ఒక్క ప్రశ్న చాలు: "మళ్లీ అవకాశం వస్తే చేరతారా?" జవాబు కంటే ముందు వచ్చే మౌనం వినండి. ల్యాబ్ మనుషులతో మీరు విడిగా మాట్లాడటానికి ప్రొఫెసర్ ఇష్టపడకపోతే అక్కడికి వెళ్లొద్దు.

పీహెచ్‌డీ ఒక రంగంలో, పోస్ట్‌డాక్ ఇంకో రంగంలో చేయొచ్చా?

చేయొచ్చు, అందుకు ఇదే సరైన వయసు. వెంకీ రామకృష్ణన్ 1976లో ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ తీసుకుని, తర్వాత జీవశాస్త్రం నేర్చుకోవడానికి మళ్లీ విద్యార్థిగా చేరారు. ఆపైన యేల్‌లో పీటర్ మూర్ దగ్గర పోస్ట్‌డాక్‌గా రైబోజోమ్ (కణంలో ప్రొటీన్లు తయారుచేసే భాగం) మీద పని మొదలుపెట్టారు. అదే రైబోజోమ్ పనికి 2009లో నోబెల్ వచ్చింది. మధ్యలో ఆయన దాదాపు 50 యూనివర్సిటీలకు అధ్యాపక ఉద్యోగం కోసం రాస్తే ఒక్కటీ రాలేదు.

మార్చేటప్పుడు రెండు చేతుల్లో ఒకటి పాత నైపుణ్యాన్ని పట్టుకుని ఉండాలి. విషయం మార్చి పద్ధతి ఉంచుకోండి, లేదా పద్ధతి మార్చి విషయం ఉంచుకోండి. రెండూ ఒకేసారి మారిస్తే మొదటి ఏడాదంతా నేర్చుకోవడానికే పోతుంది, రెండేళ్ల కాంట్రాక్టులో అది కష్టం.

పెళ్లయింది, పాప ఉంది. ఎలా?

దేశం ఎంచుకునేటప్పుడు ఇది కూడా లెక్కలోకి తీసుకోండి. అమెరికాలో జే-1 మీద వెళ్తే, జే-2 మీద వచ్చే భార్య గానీ భర్త గానీ పర్మిట్ తీసుకుని పని చేయొచ్చు. హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4 మీద మామూలుగా కుదరదు. జర్మనీలో జీవిత భాగస్వామికి పనిచేసే హక్కు ఉంటుంది, కానీ పిల్లల కేర్ సెంటర్లో సీటు దొరకడానికి నెలల తరబడి వెయిటింగ్. చేరే తేదీ ఖాయమైన రోజే దానికి పేరు రాయించండి. మేరీ క్యూరీలో కుటుంబ భత్యం విడిగా ఉంటుంది. ప్రసూతి విరామాన్ని చాలా ఫెలోషిప్పులు అర్హత సంవత్సరాల్లోంచి మినహాయిస్తాయి, అప్లికేషన్‌లో ఆ గడి ఖాళీగా వదలకండి.

కన్సల్టెన్సీ ద్వారా వెళ్లొచ్చా?

వద్దు. ఎంఎస్‌కు అమీర్‌పేటలో కన్సల్టెన్సీలు ఉన్నట్టు దీనికి ఎవరూ అక్కర్లేదు. పోస్ట్‌డాక్ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే. ఆఫర్ లెటర్ వచ్చాక యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉన్న విభాగం నంబర్‌కు మీరే ఫోన్ చేసి నిర్ధారించుకోండి.

ఆఫర్ వచ్చింది. వెంటనే ఏం చేయాలి?

ప్రొవిజనల్, మార్కుల జాబితాలు, డిగ్రీ పట్టాలు బయటికి తీసి, పేర్ల స్పెల్లింగు పాస్‌పోర్టుతో పోల్చండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉండటం మన తెలుగువాళ్లందరి ఇళ్లలో ఉన్నదే, దాన్ని సరిచేయడానికి నెల పడుతుంది. అపోస్టిల్ (పత్రాలు అసలువేనని ప్రభుత్వం వేసే ముద్ర) అడిగే దేశమైతే దానికి ముందే పంపండి. ఆఫర్ ఒప్పుకున్నాక మిగతా ప్రొఫెసర్లందరికీ అదే రోజు రాయండి. మీ కోసం ఎవరో ఒకరు ఆ చోటు ఖాళీగా ఉంచి ఉండొచ్చు, దానికోసం ఇంకొకరు ఎదురుచూస్తూ ఉండొచ్చు.